చేతులు సడలిన రాజు

సమూయేలు రెండవ గ్రంథమున నాలుగవ అధ్యాయము ఒక చిన్న వాక్యముతో మొదలగును. అబ్నేరు హెబ్రోనులో మడిసెనను వార్త సౌలు కుమారునకు చేరినదనియు, విన్నంతనే అతని చేతులు సడలినవనియు, ఇశ్రాయేలు జనమంతయు కలవరము పాలయినదనియు దాని తాత్పర్యము. దానికి ముందు అబ్నేరు వధయు, పిదప సౌలు కుమారుని వధయు వర్ణింపబడియుండుటచే, రెండు హత్యల నడుమ చిక్కిన ఈ వాక్యము కథ సాగుటకై వ్రాసిన మాటగా తోచి, పెక్కుమంది చదువరులచే దాటవేయబడుచుండును. మాకట్లు తోచదు. నాయకుడు చంపబడిన పిదప జనులకు కలుగు భయము ఎట్టిది, అది ఎచ్చటనుండి పుట్టును, దానివలని నష్టము తుదకెవరిపై పడును అను మూడు ప్రశ్నలకు ఈ అధ్యాయము నిదానముగా సమాధానము చెప్పుచున్నదని మా అభిప్రాయము. దానిని నిరూపించుటకే ఈ వ్యాసము.

ఈ విచారము పండితులకు మాత్రము చెందినది కాదు. నెల్లూరు మండలపు పడమటి సీమలోని ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములను తీసికొందము. 1840లో నెల్లూరు చేరిన అమెరికను బాప్టిస్టు మిషనువారు ఆ శతాబ్దము ముగియకముందే ఈ రెండు ఊళ్లలోను తమ స్థావరములు నెలకొల్పిరి. నాటినుండి ఆ చుట్టుపట్టు పల్లెలలో బైబిలు ఇంటింట వినబడు గ్రంథమైనది. కూలికి పోయి ప్రొద్దుగ్రుంకిన పిదప ఇల్లు చేరినవారు దీపము ముందర కూర్చుండి వినిన గ్రంథమది. చదువనేర్చిన బిడ్డ చదువగా చదువురాని తల్లి వినుచుండును. తమ తరపున నిలిచి మాటలాడిన పెద్ద యెవడైనను హతుడైన దినమున ఇట్టి ఇంటిలో ఈ పుట తెరవబడినచో, దానికి చెప్పబడు అర్థము ఆ ఇంటివారి నడవడికి మార్గమగును. వ్యాఖ్యానము తప్పినచో నడవడి తప్పును.

సామాన్యముగా వినవచ్చు వ్యాఖ్యానములు రెండు. భయము అవిశ్వాసమునకు గురుతు అనునది మొదటిది. ఈ మతమువారు, శరీరమును చంపువారికి వెరవవలదని మత్తయి సువార్త పదియవ అధ్యాయమున యేసు శిష్యులకు చేసిన ఉపదేశమును దెచ్చి దీనికి జతచేసి, భయపడినవారిని తప్పుపట్టుదురు. నరుని నమ్ముకొన్నవాని గతి ఇంతే అనునది రెండవది. ఈ మతమువారు అబ్నేరును నమ్ముటయే ఇష్బోషెతు పాపమని చెప్పి, ఇక ప్రజల మాట ఎత్తరు. రెండింటికిని ఒకటే దోషము గలదు. వాక్యములో లేని మందలింపును ఇవి వాక్యముపై మోపుచున్నవి. యేసు ఆ ఉపదేశము చేసినది పనికై బయలుదేరుచున్న శిష్యులకు, బయలుదేరుటకు ముందు. శవము ఇంకను వాకిటనుండి లేవని దినమున, ఏడ్చువారిని గద్దించుటకు దానిని వాడుట న్యాయము కాదు. సమూయేలు గ్రంథకర్త ఇష్బోషెతును ఇచ్చట పిరికివాడని నిందింపలేదు. ప్రజలను విశ్వాసహీనులని అనలేదు. జరిగినది జరిగినట్లు చెప్పెను. ఆ చెప్పిన తీరును పరిశీలింపవలెను.

కథ తెలియని చదువరులకై దానిని సంగ్రహించెదము. సౌలు రాజు గిల్బోవ కొండపై ఫిలిష్తీయులతో పోరి కూలిన పిదప రాజ్యము రెండుగా చీలెను. దక్షిణమున యూదావారు దావీదును హెబ్రోనులో రాజుగా చేసికొనిరి. తక్కిన ఇశ్రాయేలీయులపై సౌలు కుమారుడైన ఇష్బోషెతును, సౌలు సేనాధిపతియగు అబ్నేరు మహనయీములో రాజుగా నిలిపెను. పేరు ఇష్బోషెతుది, పెత్తనము అబ్నేరుది. ఒకనాడు సౌలు ఉపపత్నియగు రిస్పా విషయమున ఇద్దరికిని మాటపట్టింపు వచ్చెను. అబ్నేరు మండిపడి, రాజ్యమును దావీదు వశము చేసెదనని రాజు ముఖముననే పలికెను. ఇశ్రాయేలు పెద్దలను ఒప్పించి, ఇరువదిమందితో హెబ్రోను పోయి దావీదుతో సంధి చేసికొనెను. దావీదు విందు చేసి అతనిని క్షేమముగా పంపివేసెను. అప్పుడు దావీదు సేనాధిపతియగు యోవాబు దండయాత్రనుండి మరలివచ్చి, ఈ సంగతి విని, రాజునకు తెలియకుండ మనుష్యులను పంపి అబ్నేరును త్రోవనుండి వెనుకకు పిలిపించెను. రహస్యము చెప్పువానివలె పురద్వారమున ప్రక్కకు తీసికొనిపోయి కడుపున పొడిచి చంపెను. తన తమ్ముడైన అశాహేలును అబ్నేరు యుద్ధములో చంపియుండెను గనుక దానికిది ప్రతీకారమని కారణము చెప్పబడినది. ఈ వార్తయే మహనయీము చేరినది.

ఇక మాటలను చూతము. హెబ్రీ మూలములో రాజునకు ధైర్యము చెడెనని లేదు. అతని చేతులు సడలెనని యున్నది. 1611 నాటి ఆంగ్లానువాదము ఈ చేతులను నిలుపుకొన్నది. 1952లో వెలువడిన సవరణ ప్రతి చేతులను విడిచి, ధైర్యము తప్పెనను భావమును మాత్రము చెప్పినది. ఆ పిమ్మట వచ్చిన ఆంగ్లానువాదములు కొన్ని ఆ త్రోవనే త్రొక్కినవి. భావము చెడలేదు గదా యని అనువాదకులు అనవచ్చును. కాని తెలుగువారమైన మనకు ఆ మార్పు ఎంతమాత్రము అక్కరలేదు. అశుభవార్త వినిన ఆడుది గాని మగవాడు గాని మన ఊళ్లలో ఏమందురు? కాలు చెయ్యి ఆడలేదందురు. చేతిలోని చెంబు జారిపోయెనందురు. ధైర్యము చెడినదనుట వినినవాని మాట. చేతులాడలేదనుట అనుభవించినవాని మాట. హెబ్రీ పలుకుబడియు తెలుగు పలుకుబడియు ఇంత దగ్గరగా వచ్చిన తావున, నడుమ మరియొక భాషవారు చేసికొన్న సర్దుబాటును మనము అరువు తెచ్చుకొనుట అనవసరము. నెల్లూరులో చిరకాలము పనిచేసిన లైమన్ జూయెట్ మొదలుగాగల మిషనరీలు తెలుగు బైబిలు సవరణకై ఏండ్లతరబడి శ్రమించిరి. వారి శ్రమను మేము తక్కువ చేయము. ఇకముందు ఈ వాక్యమును తెనిగించువారు ఆ చేతులను పోనీయరాదని మాత్రము కోరుచున్నాము.

ఏలయనగా ఈ చేతులు ఒక్క వాక్యముతో పోవునవి కావు. చేతులు సడలుట, కలవరపడుట అను ఈ రెండు మాటల జంట ఎజ్రా గ్రంథము నాలుగవ అధ్యాయమునను కనబడును. చెరనుండి మరలివచ్చిన యూదులు దేవాలయము కట్టబూనగా, ఆ దేశపు జనులు వారి చేతులను సడలజేసి, కట్టుచున్నవారిని కలవరపెట్టిరని అచ్చట చెప్పబడినది. కావున చేతులు సడలుట యనగా చేయుచున్న పని చేతినుండి జారుట. యెషయా గ్రంథము ముప్పదియైదవ అధ్యాయమున సడలిన చేతులను బలపరుపుడను ఆజ్ఞలోను ఈ ధాతువే కలదు. భయమునకు గ్రంథము చూపిన గురుతు చేతియందున్నది; దానికి చెప్పిన మందును చేతియందే యున్నది. ధైర్యము చెడెనని తెనిగించినచో ఈ మూడు చోట్లకు గల సంబంధము తెగిపోవును.

ఇప్పుడు రాజు చేతులు ఏల సడలినవో విచారింపవలెను. అబ్నేరు అతనికి మిత్రుడై చనిపోలేదు. రాజ్యమును పగవానికి అప్పగింతునని ముఖముననే చెప్పి, అందుకై పోయిన చోట చంపబడెను. ఆ వార్త విని ఇష్బోషెతు పీడ విరగడయ్యెనని తలచినను ఆశ్చర్యము లేదు. అట్లు తలపలేదు. మూడవ అధ్యాయములోని ఒక మాట దీనికి తాళపుచెవి. అబ్నేరు మండిపడినప్పుడు ఇష్బోషెతు అతనికి భయపడి ఒక్క మాటయు బదులు పలుకలేకపోయెనని అచ్చట నున్నది. బ్రతికియుండగా అబ్నేరునకు భయపడినవాడే అబ్నేరు చచ్చినందుకు అంతకంటె అధికముగా భయపడెను. ఈ రెండు భయములు వేరు వేరు కావు. ఒకనిపైననే నిలిచిన ఏలుబడికి వాడు దగ్గరనున్నను భయమే, దూరమైనను భయమే. తన చేతులతో ఏ పనియు చేయనేర్వని రాజు చేతులు ఆ దినమున సడలెనని చెప్పుటకంటె, అవి మొదటినుండియు అబ్నేరు చేతులపై ఆనుకొనియుండెననియు, ఆ ఊత పడిపోగా ఇవియు పడిపోయెననియు చెప్పుట సత్యమునకు దగ్గర. నాయకుని మరణానంతరము కలుగు భయమును చూచి ఆ నాయకుని గొప్పతనమును కొలుచుట మనలో వాడుక. ఈ వాక్యము మరియొక కొలతను చూపుచున్నది. అతడు ఎందరిని పనికి అలవరచెను, ఎందరిని అలవరుపక విడిచెను అను లెక్క కూడ ఆ భయములోనే కలదు.

ప్రజల కలవరము రాజు భయమువంటిది కాదు. వారికి సకారణమైన శంక కలదు. అబ్నేరు వారి పెద్దలతో మాటలాడి, వారి తరపున సంధికై పోయినవాడు. దావీదు అతనిని క్షేమముగా పంపెనని మూడవ అధ్యాయము మూడుమారులు చెప్పుచున్నది. ఇట్టి చర్వితచర్వణము గ్రంథకర్త ఊరక చేసినది కాదు. రాజు ఇచ్చిన అభయమెంత స్పష్టమో చదువరి గుర్తుంచుకొనుటకు చేసినది. ఆ అభయము పురద్వారము దాటకముందే రక్తసిక్తమయ్యెను. ఇంకను ఒక విశేషము. యెహోషువ గ్రంథము ఇరువదవ అధ్యాయము ప్రకారము హెబ్రోను ఆశ్రయపురములలో నొకటి. తెలియక ప్రాణము తీసినవాడు అట్టి పురము చేరి, ద్వారమున నిలిచి, పెద్దలకు తన సంగతి చెప్పుకొన్నచో ప్రతిహత్య చేయవచ్చినవానికి వానిని అప్పగింపరాదని విధి. రక్తపుపగ ఆగవలసిన గుమ్మముననే రక్తపుపగ తీర్చుకొనబడెను. ఇది వినిన ప్రజలు కలవరపడుటలో వింత లేదు. ఎవరి అభయమును ఇక నమ్మవలెనను ప్రశ్న వారి యెదుట నిలిచెను. దీనిని అవిశ్వాసమనుట ప్రజల బుద్ధికి అన్యాయము చేయుట. ఇచ్చట వారి భయము జరిగినదానిని చక్కగా గ్రహించుటవలన కలిగినది.

దావీదు నడతయు మెచ్చదగినంత మేర మెచ్చి, ఆపైన విమర్శింపదగినది. అతడు పాడెవెంట నడచెను; సమాధియొద్ద బిగ్గరగా ఏడ్చెను; ప్రొద్దుగ్రుంకువరకు ఉపవసించెను; హంతకుడగు యోవాబుచేతనే గోనెపట్ట కట్టించి శవము ముందర నడిపించెను. ఈ హత్య రాజు ప్రేరణచే జరుగలేదని ప్రజలు గ్రహించిరి. దుఃఖమును దాచక బహిరంగముగా ప్రకటించుట ప్రజల శంకను కొంత తీర్చును. ఇది ఏలికలు నేర్వవలసిన పాఠము. కాని అతడు యోవాబును శిక్షింపలేదు. తాను అభిషిక్తుడైనను బలహీనుడననియు, సెరూయా కుమారులు తనకు మించినవారనియు చెప్పుకొని, తీర్పును దేవునికి విడిచెను. కన్నీరు నిజమే, శిక్ష లేదు. ఈ సంగతి కూడ వార్తతోపాటు మహనయీము చేరియుండును. హంతకుడు సేనాధిపతిగానే నిలిచియున్నప్పుడు ప్రజలకు భయపడవలదని చెప్పుటకు ఎవరికి నోరు వచ్చును? శిక్షలేని హత్య భయమును పెంచుననుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

మూడవ ప్రశ్నకు, అనగా నష్టమెవరిది యను దానికి, ఈ అధ్యాయము నాలుగవ వాక్యములో సమాధానమున్నది. హంతకుల కథ మొదలుపెట్టి, హఠాత్తుగా ఆపి, గ్రంథకర్త ఒక పసివాని మాట ఎత్తును. సౌలును యోనాతానును కూలిరను వార్త పూర్వము వచ్చినప్పుడు యోనాతాను కుమారుడైన మెఫీబోషెతు అయిదేండ్లవాడు. దాది వానిని ఎత్తుకొని పరుగెత్తెను. ఆ తొందరలో బిడ్డ పడెను. రెండు కాళ్లును కుంటివాయెను. వ్యాఖ్యాతలు దీనిని కథకు అడ్డు వచ్చిన మాటగా తలచి, సౌలు వంశమున ఇక రాజ్యార్హుడు లేడని తెలుపుటకు చెప్పినదని సరిపెట్టుదురు. అదియు నిజము కావచ్చును. అయినను నాయకుని మరణవార్త విని రాజు చేతులు సడలినవని మొదటి వాక్యములో చెప్పి, నాయకుని మరణవార్త విని పరుగెత్తిన దాది చేతులనుండి బిడ్డ జారెనని నాలుగవ వాక్యములో చెప్పుట యాదృచ్ఛికమని మేము నమ్మజాలము. దాది చెడ్డది కాదు. బిడ్డను కాపాడవలెననియే పరుగెత్తినది. ఆమె పేరుకూడ గ్రంథములో లేదు. ప్రేమగల చేతులే జార్చినవి. పెద్దల భయము పిల్లల కాళ్లను విరిచిన తీరును ఇంత తక్కువ మాటలలో చెప్పిన చోటు మరియొకటి మాకు తెలియదు.

అధ్యాయము కడపట ఈ కాలుసేతుల కథ ముగియును. ఇష్బోషెతు దండులోని అధికారులే యగు రేకాబు, బయనా అను అన్నదమ్ములు, మిట్టమధ్యాహ్నము పండుకొనియున్న రాజును అతని ఇంటనే పొడిచి, తల నరికి, బహుమానము నాశించి హెబ్రోనులో దావీదునకు తెచ్చియిచ్చిరి. రాజు చేతులు సడలిన ఇంట ఇట్టివారి చేతులు లేచును. ఈమారు దావీదు శిక్షించెను. హంతకులను చంపించి, వారి చేతులను కాళ్లను నరికించి హెబ్రోను కొలను చెంత వ్రేలాడగట్టించెను. చేతులకు కట్లు లేకయే, కాళ్లకు సంకెలలు లేకయే అబ్నేరు చచ్చెనని దావీదు శోకించుటతో మొదలై, రాజు సడలిన చేతులు, పసివాని కుంటి కాళ్లు, హంతకుల తెగిన కాలుసేతులు, ఇట్లు కథ అంతయు ఈ అవయవముల వెంట నడచినది. యోవాబునకు పడని శిక్ష ఈ చిన్న అధికారులకు పడుటయు చదువరి గమనింపదగినది. బలవంతుని విడిచి బలహీనుని శిక్షించిన న్యాయము ప్రజల కలవరమును తీర్చినదో లేదో గ్రంథకర్త చెప్పలేదు.

ఈ కథకు సాటియైన కథ మన చరిత్రములోనే కలదు. ఉదయగిరి ప్రాంతపు సంఘములవారు తలయెత్తి చూచినచో కనబడు దుర్గమే దానిని జ్ఞప్తికి తెచ్చును. గజపతుల వశమందుండిన ఈ గిరిదుర్గమును శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడించెను. రాజు దూరముగా కటకముననుండగా, దుర్గములోనివారు ఏడాదికి పైగా నిలిచి పోరిరి. 1514లో దుర్గము రాయల వశమైనది. ఇచ్చటినుండి కొనిపోయిన బాలకృష్ణ విగ్రహమును రాయలు 1515లో విజయనగరమున కట్టించిన కృష్ణాలయమునందు ప్రతిష్ఠించెను. ఓడినవారైనను ఉదయగిరివారి చేతులు అంతకాలము సడలలేదు. ఏబదియేండ్లు గడచిన పిదప గెలిచినవారి రాజధానికి వచ్చిన ఆపద వేరొక తీరుగా నడచినది.

కృష్ణరాయల అల్లుడైన రామరాయలు సదాశివరాయలను సింహాసనముపై నిలిపి, పెత్తనమంతయు తానే వహించెను. అబ్నేరునకును ఇష్బోషెతునకును గల సంబంధమే యిది. 1565 జనవరి 23వ తేదీన, తళ్లికోట యుద్ధమని పేరొందిన పోరాటములో, వృద్ధుడైన రామరాయలు పల్లకినుండి సేనను నడపుచుండెను. ఒక ఏనుగు మీదికి రాగా బోయీలు బెదరి పల్లకిని విడిచి పారిరనియు, రాయలు పట్టుబడెననియు, అహమ్మదునగరపు సుల్తాను అతని తల నరికించి బల్లెమునకు గ్రుచ్చి ఎత్తించెననియు, అది చూచిన సేన చెదరి పారెననియు ఫెరిష్తా వ్రాసినాడు. తమ్ముడైన తిరుమలరాయలు రాజధానికి పరుగెత్తి, సదాశివరాయలను, ధనరాసులను ఏనుగులపై నెక్కించుకొని పెనుగొండకు తరలెను. పెద్ద ప్రాకారములుగల నగరము, కాచువారు లేక, కొల్లగొట్టబడెను. 1567లో ఆ నగరమును చూచిన సీజరు ఫ్రెడరిక్ అను వెనిసు వర్తకుడు, ఇండ్లు నిలిచియుండియు వట్టివై యుండెనని వ్రాసియున్నాడు.

ఓటమికి ఈ భయమొక్కటియే హేతువని మేమనము. రాయల కొలువులోని ఇద్దరు సేనానులు పగవారితో కలిసిరని ఆ వర్తకుడే వ్రాసినాడు. కాని ఓటమి వేరు, ఓటమి పిదప కలిగినది వేరు. కొండపై ఒక దుర్గము రాజు దగ్గర లేకయే ఏడాదికి పైగా నిలిచినది. సామ్రాజ్యపు రాజధాని రామరాయల తల కనబడిన పిదప ఒక్క ముట్టడికైనను నిలువలేదు. గోడలు రాజధానికే బలమైనవి. గోడలను పట్టుకొను చేతులు మాత్రము ఉదయగిరిలో పలువురివి, విజయనగరములో ఒక్కనివి. బోయీల చేతులనుండి పల్లకి జారినది, దాది చేతులనుండి బిడ్డ జారినట్లే. ఏనుగులపై ధనమునకు చోటు దొరకినది; నగరములోని సామాన్యుల బిడ్డలకు దొరకలేదు. భయము ఎవరిదైనను నష్టము మొదట పడినది ఎత్తుకొనువారు లేనివారిపైననే.

ఇట్లయినచో నాయకుడు చంపబడినచోట నిలుచుట అసాధ్యమా యని చదువరులు అడుగవచ్చును. కాదు. యోహాను సువార్త ఇరువదవ అధ్యాయములో ఇట్టి భయమే మరల కనబడుచున్నది. గురువు సిలువవేయబడిన పిదప శిష్యులు భయపడి తలుపులు మూసికొని కూర్చుండిరి. వచ్చిన గురువు వారిని గద్దింపలేదు. సమాధానము కలుగునుగాక యని దీవించి తన చేతులను చూపెను. లూకా తన సువార్తలో చేతులను కాళ్లను చూపెనని వ్రాసినాడు. ఆ పిమ్మట వారిని పనికి పంపెను. విశ్వాసులు దీనిని పునరుత్థానమునకు సాక్ష్యముగా చదువుదురు. ఆ మతము లేనివారు సైతము ఇందులోని క్రమమును గ్రహింపవచ్చును. మొదట భయమును గద్దింపకుండుట, పిదప గాయమును దాచకుండుట, తుదకు చేతికి పని యిచ్చుట.

మన కాలమునకు దగ్గరగా, 1948 జనవరి 30వ తేదీన గాంధీ మహాత్ముడు చంపబడినప్పుడు ఈ దేశమంతయు కలవరపడినది. ఆ కలవరము కొన్నిచోట్ల కసిగా మారినది. మహారాష్ట్రమున హంతకుని కులమువారి ఇండ్లు కొన్ని ఊళ్లలో తగులబెట్టబడినవి. భయమును కసితో తీర్చుకొనుట రక్తపుపగకు మరల తలుపు తీయుట. నెల్లూరు సీమలో మరియొక తీరును చూపదగును. పెన్న ఒడ్డున పల్లిపాడులో 1921 ఏప్రిలు 7వ తేదీన గాంధీగారు ప్రారంభించిన ఆశ్రమమునకు స్థలము సమకూర్చిన పొణకా కనకమ్మగారు, 1923లో నెల్లూరున బాలికలకై కస్తూరిదేవీ విద్యాలయమును స్థాపించిరి. గాంధీగారు పోయిన పిదప ఆ విద్యాలయము మూతపడలేదు. దుఃఖము లేక కాదు. పాతికయేండ్లుగా అది ఆ ఊరి స్త్రీల చేతులతో నడచుచుండెను గనుక. రాట్నము త్రిప్పుడని, బడి నడుపుడని ఆయన చెప్పిన మాటలను వినినవారు ఆయన చేతులపై ఆనుకొనుటకు మారుగా తమ చేతులకు పని నేర్చుకొనిరి. ఆయన యెడ భక్తి చూపిన తక్కినవారందరు ఇట్లే చేసిరని చెప్పజాలము. జయంతులు జరిపి చేతులు ముడుచుకొన్నవారు మన సంఘములలో కొల్లలు.

మేము ఈ వాక్యమునుండి గ్రహించినది ఇది. పల్లెలో గాని పట్టణములో గాని, క్రైస్తవుల సంఘములో గాని సంస్కరణ సమాజములో గాని, పెద్ద యొకడు కూల్చబడినప్పుడు భయపడినవారిని నిందింపరాదు. వారి భయములో సత్యమున్నది. హంతకుడు శిక్షింపబడవలెనని అడుగుటకు వారికి హక్కు కలదు. ఓర్పు పేరిట ఆ హక్కును మరుగుపరచు వ్యాఖ్యానము మంచిది కాదు. సంఘము అతడున్నప్పుడే పలువురి చేతులతో నడచుటకు అలవాటు పడవలెను. పెద్దలు బ్రతికియుండగా వారికి బదులు పలుకలేని సంఘము, వారు పోయిన పిదప పగవారికి బదులు పలుకలేదు. ఇక వార్త వచ్చిన గడియలో ఇంటివారు చేయవలసిన మొదటి పని, బిడ్డలను గట్టిగా పట్టుకొనుట.

గ్రంథము మెఫీబోషెతును మరచిపోలేదు. తొమ్మిదవ అధ్యాయములో దావీదు, సౌలు ఇంటివారిలో ఎవడైనను మిగిలియున్నాడా యని అడిగి, ఆ కుంటివానిని పిలిపించి, సౌలు భూములను మరల వానికిచ్చి, నిత్యము తన బల్లయొద్ద భోజనము చేయ నియమించెను. అద్భుతమేదియు జరుగలేదు. కాళ్లు బాగుపడలేదు. ఆ అధ్యాయపు కడపటి మాటయు అతని రెండు కాళ్లు కుంటివనియే. భయము చేసిన చేటు అతని జీవితాంతము నిలిచినది. తీర్చదగినంత తీర్చుట మాత్రము పగవాని మనుమడని చూడక చోటిచ్చినవారి వలన జరిగినది. నాయకుని పేర స్తంభములు నాటుటకు ముందు, అతడు కూలిన దినమున చేతులనుండి జారిన బిడ్డలెవరో వెదకి వారికి చోటిచ్చుట మన సంఘముల పని.